మంచు దేశంలో చిన్న విమానం నడిపేటోళ్ళకి

నెల్లూరు, కావలి, ఒంగోలు నుంచి కెనడాకో అమెరికాకో పైలట్ ట్రైనింగుకి పోయే పిలకాయల కోసం రాస్తన్నా. మన దగ్గర చలంటే జనవరిలో ఒక దుప్పటి, అంతేగా. అక్కడ రాత్రి బయటున్న సెస్నా (చిన్న విమానం) రెక్కల మీద తెల్లారేసరికి ఎమరీ పేపర్ అంటించినట్టు ఫ్రాస్ట్, అంటే గరుకు మంచు పొర, పట్టుంటది, ఆ పొరే రెక్క లిఫ్టుని (పైకెత్తే బలాన్ని) 30 శాతం దాకా తగ్గించి డ్రాగ్‌ని (వెనక్కి లాగే గాలి నిరోధాన్ని) 40 శాతం దాకా పెంచుద్ది. లేచాక గాలికి పోద్దిలే అనుకోమాకండి, పోదు.

పొడి మంచైతే మెత్తటి బ్రష్‌తో తోసెయ్యొచ్చు, ఫ్రాస్టయితే హ్యాంగర్లో (విమానాల షెడ్డులో) పెట్టి కరిగించాల, లేదా మంచు కరిగించే డీఐసింగ్ ద్రవం కొట్టాల. వేడినీళ్ళు మాత్రం పొయ్యమాకండి, అవి ఐలెరాన్ (విమానాన్ని పక్కకి వాల్చే రెక్క చివరి పలక) కీళ్ళలోకి కారి మళ్ళీ గడ్డకడతయ్. హ్యాంగర్లో కరిగిన నీళ్ళు కూడా పూర్తిగా తుడిచాకే బయటికి తియ్యాల. వేగం, ఎత్తు చూపే మీటర్లకి గాలి అందించే పీటో, స్టాటిక్ రంధ్రాలు మంచుతో మూసుకుపోలేదని చూసుకోండి. చక్రాల కవర్లలో బురదమంచు గడ్డకట్టి చక్రం తిరక్కుండా పోద్ది, అందుకే చాలామంది శీతాకాలం అవి పీకి పక్కన పెట్టేస్తారు.

సుమారు మైనస్ 7 డిగ్రీల కన్నా చల్లగుంటే ఇంజన్‌కి ప్రీహీట్ ఇవ్వకుండా, అంటే ముందే వేడి చెయ్యకుండా, స్టార్ట్ కొట్టొద్దు.

ఇక కార్బ్ ఐస్, అంటే ఇంజన్‌కి పెట్రోలు, గాలి కలిపిచ్చే కార్బురేటర్లో పట్టే ఐస్. దీనికి మంచు పడక్కర్లేదు, గాల్లో తేమ ఉంటే 20 డిగ్రీల్లో కూడా పట్టుద్ది, అంటే మన మైపాడు బీచ్ చలికాలం పొద్దున గాలి కూడా దానికి చాలన్నమాట. ఆర్‌పీఎం (ఇంజన్ తిరిగే వేగం) మెల్లిగా పడతా ఉంటే కార్బ్ హీట్ (కార్బురేటర్‌కి వేడి గాలి పంపే మీట) పూర్తిగా లాగండి, ముందు ఇంకాస్త పడి ఇంజన్ గరగరలాడుద్ది, అప్పుడు భయపడి హీట్ తీసెయ్యమాకండి, ఐస్ కరుగుతుంటే అట్టానే ఉంటది, కరిగాక ఆర్‌పీఎం దానంతటదే పెరుగుద్ది. పవర్ తగ్గించి దిగేటప్పుడు కార్బ్ హీట్ ముందే లాగి ఉంచుకోండి.

క్యాబిన్ హీటర్ వేడి సైలెన్సర్ చుట్టూ తిరిగొచ్చే గాల్దే, సైలెన్సర్‌కి చీలికొస్తే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు లోపలికొస్తది, దానికి వాసనుండదు, కాబట్టి డిటెక్టర్ పెట్టుకోండి. తలనొప్పొస్తే హీటర్ కట్టేసి, బయటి గాలి తెరిచి, దగ్గర్లో దిగిపోండి.

గడ్డకట్టే చలిలో ఆల్టిమీటర్ (ఎత్తు చూపే మీటర్) చూపించేదానికంటే మీరు కిందే ఉంటారు, కొండల దగ్గర ఇది గుర్తుండాల. ముందర మంచు తెర కనపడితే దాంట్లోకి దూరకుండా అప్పుడే వెనక్కి తిరగండి. హీటరుంది గదా అని టీషర్టుతో ఎక్కేటోళ్ళుంటారు, ఇంజన్ ఆగి ఏ పొలంలోనో దిగితే సాయం వచ్చేదాకా ఆ బట్టల్తోనే కూర్చోవాల, జాకెట్టు, బూట్లు, గ్లవ్స్ చేతికందేచోట ఉండాల.