పాత వ్యానులో స్టీరింగ్ ఆయిల్ కారుతుంటే

దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు స్టీరింగ్ బిగుసుకుపోతే ఏమవుతుందో యాత్రికులను తిప్పే డ్రైవర్లకు నేను చెప్పక్కర్లేదు. అందుకే ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గితే పైన పోసి సరిపెట్టుకోవద్దు. ఆ ఆయిల్ ఎటో పోతోందన్నమాట.

నాది పాత డీజిల్ వ్యాను, హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ (ఆయిల్ ఒత్తిడితో స్టీరింగ్ తేలిగ్గా తిరిగేది). పంపు నుంచి స్టీరింగ్ బాక్సుకు పోయేది ప్రెషర్ పైపు, అక్కడి నుంచి డబ్బాకు తిరిగొచ్చేది రిటర్న్ పైపు. కారుతున్నది ఏదో తేలాకే పానా పట్టుకోండి. స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు ప్రెషర్ పైపులో 80 నుంచి 100 బార్ దాకా ఒత్తిడి ఉంటుంది, కొన్ని బండ్లలో ఇంకా ఎక్కువ. లారీ టైరులో ఉండేది ఎనిమిది బార్ చిల్లర. అలాంటి పైపు కోసి మధ్యలో ముక్క వేసి క్లిప్పు బిగిస్తానని ఎవరైనా అంటే దయచేసి ఒప్పుకోకండి. అది ఊడినప్పుడు ఆయిల్ వేడి సైలెన్సర్ మీద పడితే నిప్పంటుకోవచ్చు. వెనక కూర్చున్నవాళ్ల ప్రాణాలు మన చేతుల్లో ఉన్నాయి. రిటర్న్ పైపులో ఒత్తిడి తక్కువ కాబట్టి దానికి ఆయిల్ తట్టుకునే రబ్బరు పైపు, మంచి క్లిప్పులు చాలు.

లీకు పట్టుకోవాలంటే ముందు పైపులన్నీ డీగ్రీజర్‌తో (జిడ్డు వదిలించే ద్రవం) శుభ్రంగా కడిగి ఆరనివ్వండి. పైన కాస్త టాల్కం పౌడర్ చల్లి, బండి కింద న్యూస్‌పేపర్ పరిచి, ఇంజిన్ స్టార్ట్ చేసి ఇంకొకరిని స్టీరింగ్ అటూ ఇటూ తిప్పమనండి. మీరు టార్చి వేసి చూడండి. పాత పైపు ఎక్కువగా నల్ల రబ్బరు ఇనుప తొడుగులోకి దూరే చోటే చెమరుస్తుంది. పౌడర్ మీద సన్నటి ఎర్ర గీత వచ్చి, చుక్కగా కూడి, పైపు కింది వంపు దగ్గర రాలుతుంది. కాబట్టి చుక్క పడిన చోటు కాదు, గీత మొదలైన చోటు చూడాలి. ఇంజిన్ నడుస్తుండగా మాత్రం వేలితో తడమొద్దు. సన్నటి చిల్లు నుంచి చిమ్మే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కంపెనీ పైపు దొరికితే అదే వేయండి. దొరక్కపోతే పాతది విప్పి విజయవాడ ఆటోనగర్ లాంటి చోట హోస్ పైపులు క్రింపింగ్ చేసే (పైపు చివర ఇనుప తొడుగు మిషన్‌తో నొక్కి బిగించే) షాపుకి తీసుకెళ్లండి. పవర్ స్టీరింగ్ పైపు అని గట్టిగా చెప్పాలి. జేసీబీలకు వాడే మామూలు హైడ్రాలిక్ పైపు ఒత్తిడి తట్టుకుంటుంది కానీ బిరుసుగా ఉంటుంది. అసలు పైపు కొద్దిగా ఉబ్బుతూ పంపు కొట్టే దెబ్బను మింగుతుంది. అది లేకపోతే స్టీరింగ్‌లో గుర్రుమని శబ్దం వస్తుంది.

విప్పేది ఇంజిన్ పూర్తిగా చల్లారాకే. డబ్బాలో ఆయిల్ లాగేసి, కింద ట్రే పెట్టండి. ఫ్లేర్ నట్లకు (పైపు చివరను బిగించే నట్లు) వాటిని దాదాపు చుట్టూ పట్టుకునే ఫ్లేర్ నట్ పానాయే వాడాలి, మామూలు పానా పెడితే మూలలు అరిగిపోతాయి. బాంజో బోల్టు (ఆయిల్ పోయేలా మధ్యలో బోలుగా ఉండే బోల్టు) ఉంటే రెండు వైపులా కొత్త రాగి వాషర్లు వేయండి. పాతవి తిరిగి వేస్తే ఇంత పనీ చేసి మళ్లీ కారుతుంది. కొత్త పైపు సైలెన్సర్‌కు, బెల్టుకు తగలకుండా పాత దారిలోనే పోవాలి. తీసిన క్లాంపులన్నీ మళ్లీ పెట్టండి.

ఆయిల్ ఏది పోయాలో డబ్బా మూత మీద, మాన్యువల్‌లో ఉంటుంది. చాలా పాత బండ్లకు ఎర్రటి ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేరుబాక్సుల్లో వాడే ఆయిల్. చేతికి దొరికింది కదా అని బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్లు ఉబ్బి పాడవుతాయి.

ఇక గాలి తీయడం. ముందు చక్రాలు జాకీతో లేపి, స్టాండ్లు పెట్టి, ఇంజిన్ ఆపి ఉంచే స్టీరింగ్ ఒక చివర నుంచి ఇంకో చివరకు నెమ్మదిగా ఓ ఇరవై సార్లు తిప్పండి. మట్టం తగ్గుతుంటే పోస్తూ ఉండండి. ఆ తర్వాతే స్టార్ట్ చేసి మళ్లీ తిప్పండి, చివరలో ఐదు సెకన్లు మించి పట్టి ఉంచొద్దు. ఆయిల్ నురగగా ఉంటే గాలి ఇంకా ఉన్నట్టే. ఇంజిన్ ఆపి కాసేపు వదిలేసి మళ్లీ చేయండి.

ఊళ్లోనే కాసేపు తిప్పి వచ్చి, జాయింట్లు పొడి గుడ్డతో తుడిచి, మట్టం డబ్బా మీది హాట్ గుర్తు (ఆయిల్ వేడిగా ఉన్నప్పుడు చూసేది) దగ్గర ఉందో లేదో చూడండి. వారం తర్వాత మరోసారి చూశాకే ఘాట్ కిరాయి ఒప్పుకోండి. తీసిన పాత ఆయిల్ కాలువలో పోయకుండా క్యానులో పట్టి వేస్ట్ ఆయిల్ కొనేవాళ్లకు ఇచ్చేయండి.