పాత కుండీ మట్టి పారబోసే ముందు ఒకసారి వేర్లు చూడండి

మన వైజాగ్‌లో పంట అయిపోయిన కుండీలు డాబా మీద ఓ మూల పడుంటాయి, మళ్ళీ విత్తనాలు పెట్టే టైం వచ్చేసరికి మనవాళ్ళు రెండే పనులు చేస్తారు. ఒకటి, మట్టి మొత్తం తీసుకెళ్ళి రోడ్డు పక్కన పోసేసి నర్సరీ నుంచి కొత్త బస్తాలు తెప్పించుకోవడం. రెండోది, అదే మట్టిలో పైపైన గుప్పెడు వర్మీ కంపోస్ట్ చల్లేసి విత్తనాలు గుచ్చేయడం, మొలక వచ్చి జానెడు పెరిగి ఆగిపోయాక "పాత మట్టి కదండీ, బలం లేదు" అనడం. నిజానికి మట్టి అంత తేలిగ్గా చచ్చిపోదు. దానికి ఏదో ఒక జబ్బు ఉంటుంది, ఆ జబ్బేంటో తెలియకుండా ఎరువు వేసుకుంటూ పోతే కొన్నిసార్లు ఇంకా ముదురుతుంది. అందుకే ముందు జబ్బు పట్టుకోండి, తర్వాతే ఎరువు.

పట్టుకోవడం కష్టమేం కాదు. పాత ఫ్లెక్సీ ఒకటి పరిచి కుండీ దాని మీద బోర్లించండి, మట్టి ముద్ద విరగకుండా రావాలి, అందుకని ముందు రెండు రోజులు నీళ్ళు ఆపేయండి. వేర్లు తెల్లగా ఉన్నాయా, గోధుమ రంగులో మెత్తబడ్డాయా, ముడులు పడ్డాయా చూడండి, మట్టి వాసన కూడా చూడండి. తొలకరి వాసన వస్తే మంచిది, మురిక్కాలవ వాసన వస్తే లోపల గాలి ఆడట్లేదని అర్థం. సగం విషయం ఇక్కడే తేలిపోతుంది.

నీళ్ళు పోసిన వెంటనే కింద నుంచి వచ్చేస్తున్నాయి, మొక్క మాత్రం వాడిపోతోంది

కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) ఎక్కువ కలిపిన మట్టి ఒకసారి పూర్తిగా ఎండిపోతే ఇలాగే చేస్తుంది. ముద్ద లోపలికి ముడుచుకుపోయి కుండీ గోడకీ మట్టికీ మధ్య సందు పడుతుంది, మనం పోసిన నీళ్ళన్నీ ఆ సందులోంచి జారిపోతాయి, వేలు పెట్టి చూస్తే మధ్యలో పొడిగానే ఉంటుంది. వేసవి సెలవులకి ఊరెళ్ళొచ్చిన ఇళ్ళల్లో ఇది మామూలే.

మగ్గుతో పై నుంచి ఎన్ని పోసినా లాభం లేదు. కుండీని అలాగే టబ్బులో పెట్టి సగం పైదాకా నీళ్ళు పోసి వదిలేయండి, బుడగలు రావడం ఆగేదాకా ఉంచితే కింద నుంచి పీల్చుకుంటుంది. మొక్క లేని ఖాళీ మట్టి అయితే ఇంకా సుళువు, ఫ్లెక్సీ మీద పోసి గడ్డలు నలిపి నీళ్ళు చిలకరిస్తూ కలిపేయడమే.

నీళ్ళు పైనే నిలబడుతున్నాయి, కుండీ ఎత్తితే మోయలేనంత బరువు

ఇది పై దానికి పూర్తిగా రివర్స్. ఎర్రమట్టి ఎక్కువైపోయింది, అందులో వేసిన కంపోస్టు, కోకోపీట్ కుళ్ళి అరిగిపోయాయి, మిగిలిందంతా సన్న మట్టి. అందుకే మొదట అంచుదాకా నింపిన కుండీ ఏడాది తిరిగేసరికి నాలుగు వేళ్ళు కిందకి దిగిపోతుంది. దీంట్లో పోయింది బలం ఒక్కటే కాదు, గాలి ఆడే ఖాళీలు పోయాయి, వర్మీ కంపోస్ట్ ఒక్కటే కలిపితే అది కూడా మెత్తటిదే కాబట్టి పెద్దగా తేడా రాదు.

ముందు ఇసక జల్లెడతో జల్లించి పాత వేర్లు, తుంగ గడ్డలు ఏరేయండి, తుంగ గడ్డ ఒక్కటి మిగిలినా కుండీ మొత్తం అదే అయిపోతుంది. తర్వాత పాత మట్టి ఆరు గమేలాలకి గెత్తం (పశువుల పేడ ఎరువు) గానీ వర్మీ గానీ రెండు, నానబెట్టి పిండిన కోకోపీట్ ఒకటి, వరి ఊక గానీ ముతక ఇసక గానీ ఒకటి. గెత్తం బాగా మాగినది అయ్యుండాలి, పట్టుకుంటే వేడి ఉండకూడదు, పేడ వాసన రాకూడదు. ఇసక అంటే ఏటి ఇసకే, బీచ్ పక్కనే ఉంది కదా అని అక్కడి ఇసక తెచ్చి కలపకండి, దాంట్లో ఉప్పుంటుంది. ఎర్రమట్టి కోసం భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బల వైపు కూడా చూడకండి, అవి వేల ఏళ్ళ భౌగోళిక వారసత్వ సంపద, అక్కడ తవ్వకూడదు. మనకి అసలు కొత్త ఎర్రమట్టి అవసరమే లేదు, కుండీలో ఉన్నదే ఎక్కువ.

ఇంకో మాట. నీళ్ళు దిగడానికని కుండీ అడుగున గులకరాళ్ళు పరుస్తారు కదా, దానివల్ల నీళ్ళు త్వరగా దిగవు. మట్టికీ రాళ్ళకీ మధ్య హద్దు దగ్గర తడి ఆగిపోతుంది, వేర్లకి దొరికే చోటు కూడా తగ్గుతుంది. అడుగు బొక్కల మీద కొబ్బరి పీచు ముక్కో దోమతెర ముక్కో పెడితే చాలు. ఆ బొక్కలు పాత వేర్లతో మూసుకుపోయాయేమో కూడా చూసుకోండి, పెయింట్ డబ్బాల్లో, పెరుగు బకెట్లలో సగం గొడవ అక్కడే ఉంటుంది.

మట్టి మీద తెల్ల పూత, ఆకుల అంచులు మాడుతున్నాయి

వైజాగ్‌లో ఎక్కువమంది పట్టించుకోనిది ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. ముందు అది ఉప్పా బూజా చూడండి. దూదిలా మెత్తగా ఉండి వేలితో తుడిస్తే పోయేది బూజు, దాంతో ప్రమాదం లేదు, పైమట్టి కదిపి ఎండ తగలనిస్తే పోతుంది. గరగరలాడుతూ పెచ్చులా ఉండి, మట్టి కుండీ అయితే బయట గోడకి కూడా తెల్లగా ఊరి ఉందంటే అది ఉప్పు. ముదురు ఆకుల చివర్లు, అంచులు గోధుమ రంగులో ఎండిపోవడం, విత్తనం సరిగ్గా మొలవకపోవడం, మట్టి తడిగా ఉన్నా మధ్యాహ్నానికి మొక్క తల వాల్చేయడం దీని లక్షణాలు.

ఉప్పు ఎక్కడి నుంచి వస్తుందంటే, సముద్రం దగ్గరి ఏరియాల్లో చాలా అపార్ట్‌మెంట్ల బోరు నీళ్ళు చప్పగా ఉండవు, వేసవి ముదిరేకొద్దీ ఇంకా ఉప్పనవుతాయి. దానికి తోడు ఆర్వో ఫిల్టర్ నుంచి పోయే నీళ్ళు వేస్ట్ చేయకూడదని బకెట్టు పెట్టి మొక్కలకి పోస్తారు, ఉద్దేశం మంచిదే, కానీ ఫిల్టర్ మనకి మంచినీళ్ళిచ్చి లోపలి ఉప్పునంతా ఆ నీళ్ళలోకే తోసేస్తుంది. సరిగ్గా కడగని కోకోపీట్‌లో కూడా ఉప్పుంటుంది. డీఏపీ లాంటి రసాయన ఎరువులు చెంచాలతో వేసే అలవాటుంటే అదీ కలుస్తుంది. నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు కుండీలోనే ఉండిపోతుంది, ఇలా సీజన్ల తరబడి పోగుపడుతుంది.

అనుమానం ఉంటే చిన్న పరీక్ష చేయండి. ఆర్వో రిపేరు చేసేవాళ్ళ చేతిలో చూసే ఉంటారు, నీళ్ళలో కరిగిన ఉప్పులు కొలిచే టీడీఎస్ పెన్ను, ఆన్‌లైన్‌లో చవగ్గానే దొరుకుతుంది. మీరు పోసే నీళ్ళ రీడింగ్ చూడండి, కుండీ కింద ప్లేటులోకి దిగిన నీళ్ళ రీడింగ్ చూడండి. దిగినవి కొంచెం ఎక్కువ రావడం సహజం, రెండింతలు మూడింతలు ఉందంటే మాత్రం ఆ మట్టిని కడగాలి.

కడగడం అంటే, ముందు పైన పేరుకున్న పెచ్చు అంగుళం మందాన గీకి తీసేయండి. తర్వాత కుండీ ఎన్ని లీటర్లదైతే దానికి రెండింతల నీళ్ళు, మెల్లగా, దఫదఫాలుగా పోయాలి, ఒకటి దిగాక ఇంకోటి, కింద ప్లేటు తీసేయాలి, లేకపోతే దిగిన ఉప్పునే మళ్ళీ పీల్చుకుంటుంది. దీనికి వాన నీళ్ళు బెస్ట్. అవి లేకపోతే ఏసీ నీళ్ళు. మన ఊరి ఉక్కపోత పుణ్యమా అని ఏసీ పైపు నుంచి రోజూ బకెట్టు నిండుతుంది, గాల్లో తేమే కాబట్టి దాంట్లో ఉప్పు దాదాపు ఉండదు, పట్టి పెట్టుకోండి. కడిగేటప్పుడు ఉప్పుతో పాటు నత్రజని కూడా కొట్టుకుపోతుంది కాబట్టి, మట్టి కాస్త ఆరాక వర్మీ కలపండి. ముందే కలిపి తర్వాత కడిగితే డబ్బులు డ్రైనేజీలో పోసినట్టే.

కట్టెల బూడిద మాత్రం ఇలాంటి మట్టిలో అస్సలు వేయొద్దు, అది క్షారం, ఉప్పు రెండూ పెంచుతుంది.

మొలక బానే వచ్చింది, తర్వాత పసుపెక్కి ఆగిపోయింది

కింది ముదురు ఆకులు ముందు పసుపెక్కితే నత్రజని తక్కువ. ఇది నిజంగానే బలం అయిపోయిన మట్టి, మామూలుగా గెత్తం, వర్మీ కలిపితే సరిపోతుంది, ఇంకా తొందరగా కావాలంటే వేరుశనగ చెక్క నానబెట్టి పులిసిన నీళ్ళు బాగా పలచన చేసి పోయండి. వాసన మాత్రం పక్కింటివాళ్ళు గొడవకొచ్చేలా ఉంటుంది, సాయంత్రం పూట చేసుకోండి.

కానీ మీరు మొన్నే రంపపు పొట్టో, మాగని కొబ్బరి పొట్టో, సగం కుళ్ళిన వంటింటి చెత్తో కలిపారా? అయితే సంగతి వేరు. పచ్చి పొట్టుని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు మట్టిలో ఉన్న నత్రజనిని అవే తినేస్తాయి, మొక్కకి మిగలదు. అలాంటి మట్టిని మొక్క లేకుండా తడిపి, గెత్తం కలిపి, నెలా రెండు నెలలు మాగనిచ్చి అప్పుడు వాడండి. ఎప్సం సాల్ట్ వేస్తే పసుపు పోతుందని వీడియోల్లో చెప్తుంటారు, అది మెగ్నీషియం లోపానికి మాత్రమే, ప్రతి పసుపుకీ అదే మందు కాదు.

వేర్లకి ముడులు, బుడిపెలు

బెండ, వంగ, టమాటా, ఆనప పీకినప్పుడు వేరు మీద పూసలు గుచ్చినట్టు ఉబ్బులు కనబడితే అవి వేరుముడి నులిపురుగులు, నెమటోడ్లు. చిక్కుడు, బొబ్బర్ల వేర్లకి ఉండే బుడిపెలు చూసి కంగారు పడొద్దు, అవి గాలిలోని నత్రజనిని పట్టిచ్చే మంచి బ్యాక్టీరియావి. గోటితో గీరితే ఊడొచ్చి, లోపల గులాబీ రంగు ఉంటే మంచి బుడిపె. ఊడకుండా వేరే లావెక్కినట్టు ఉంటే నులిపురుగు.

ఈ మట్టిని వేరే మట్టిలో కలపకండి, దాన్ని తవ్విన తాపీ కూడా కడగండి. దీనికి మందు ఎండే. మట్టి జల్లించి వేర్లన్నీ ఏరేసి (ఆ వేర్లు కంపోస్ట్ డబ్బాలో వేయొద్దు), తడిపి, డాబా మీద ఆరంగుళాల లోపు మందంతో పరిచి పైన పారదర్శకమైన పాలిథిన్ కప్పి చుట్టూ ఇటుకలు పెట్టండి. నల్ల కవర్ కాదు, అద్దంలా అవతలిది కనబడేదే, ఎండ లోపలికి దిగాలి. పొడి మట్టి కంటే తడి మట్టిలోకి వేడి బాగా దిగుతుంది, అందుకే తడపడం. నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచాలి. మనకి సముద్రపు గాలి వల్ల ఎండ విజయవాడ అంత ఉండదు కాబట్టి కవర్ రెండు పొరలు వేసి మధ్యలో కాస్త ఖాళీ ఉంచితే వేడి ఇంకా నిలుస్తుంది. ఏప్రిల్ రెండో వారంలో మొదలెట్టేయండి, జూన్‌లో వానలు పట్టుకుంటే ఇక కుదరదు.

తీశాక పన్నెండు అంగుళాల కుండీకి ఓ గుప్పెడు వేప పిండి కలిపి, తడి ఉంచి, పదిహేను రోజులు ఆగి మొక్క పెట్టండి. ఎండ కాలం దాటిపోయింది, ఇప్పుడెలా అంటే, ఆ కుండీల్లో బంతి వేయండి, లేదా పాతిక ముప్ఫై రోజుల్లో వేర్లతో సహా పీకేసే తోటకూర వేయండి. బెండ మాత్రం వేయొద్దు, నులిపురుగుకి పండగే.

పచ్చగా ఉన్న మొక్క రెండు రోజుల్లో వాడి చచ్చిపోయింది

వంగ, టమాటా, మిరపలో ఎక్కువ. కాండం మొదట్లో అడ్డంగా కోసి, గాజు గ్లాసులో మంచినీళ్ళు పోసి ముక్క కొస మునిగేలా పట్టుకోండి, కదపకూడదు. కొద్ది నిమిషాల్లో కోసిన చోటు నుంచి పాలలాంటి సన్నటి ధార కిందకి దిగితే అది బ్యాక్టీరియా ఎండు తెగులు. ఈ మట్టితో మొండిగా పోరాడకండి, ఎండబెట్టినా నమ్మకం తక్కువ. వంగ జాతి మొక్కలకి ఆ మట్టి మర్చిపోయి గోంగూర, తోటకూర, బీరపాదు లాంటివి వేసుకోండి, కుండీ మీద పెయింటుతో గుర్తు కూడా పెట్టుకోండి, లేకపోతే వచ్చే ఏడు గుర్తుండదు.

ధార రాలేదు, వేర్లు మాత్రం కుళ్ళి తోలు ఊడొస్తోందంటే శిలీంధ్రం, దాని వెనక నీళ్ళు నిలవడం ఉంటుంది. పైన చెప్పినట్టు మట్టి గుల్ల చేసి, ఎండబెట్టి, ఆ తర్వాత ట్రైకోడెర్మా విరిడి (తెగులు శిలీంధ్రాల్ని అణిచే మంచి శిలీంధ్రం పొడి) కిలో గెత్తానికి పది గ్రాముల లెక్కన కలిపి, వారం పది రోజులు నీడలో తడిగా గోనె కప్పి ఉంచి కుండీల్లో వేయండి. ముందు ట్రైకోడెర్మా వేసి తర్వాత ఎండలో పెడితే అదే చస్తుంది. రాగి ఉన్న తెగులు మందులు కూడా దాంతో పాటు వాడొద్దు.

పురుగులు

తెల్లగా లావుగా ముడుచుకుని పడుకున్న పురుగులు వస్తే మాగని గెత్తం తెచ్చారన్నమాట, చేత్తో ఏరేయండి, డాబా మీద వదిలితే కాకులే చూసుకుంటాయి. కుండీలో చీమల పుట్ట ఉంటే మట్టి ఎండిపోతోందని అర్థం, వేర్ల దగ్గర తెల్ల పొడిలా పిండినల్లి ఉందేమో చూడండి, చీమలు దాన్ని పెంచి పోషిస్తాయి. చిన్న నల్ల ఈగలు లేస్తుంటే నీళ్ళు ఎక్కువ పోస్తున్నారు. వానాకాలం పుట్టగొడుగులు వస్తే ఏం పర్లేదు, పీకి పారేయండి, కూర వండుకోకండి.

మిరప ఆకులు ముడుచుకుపోతే మాత్రం మట్టిని తిట్టకండి. అది తామర పురుగులో, నల్లో, తెల్లదోమ మోసుకొచ్చిన వైరసో, మట్టి ఎంత మార్చినా పోదు.

బాగుచేసిన మట్టి ఎక్కడ పెట్టాలి

అక్టోబర్, నవంబర్ తుఫాన్ల టైంలో డాబా మీద కుప్ప వదిలేస్తే చేసిన పనంతా డ్రైన్ పైపులోకి పోయి, పైపు కూడా పూడుకుపోతుంది. సిమెంటు సంచుల్లో నింపి, మూతి కట్టి, ఇటుకల మీద ఎత్తుగా పెట్టండి. కొంచెం చెమ్మ ఉండాలి, పిడికిట్లో నొక్కితే ముద్ద అవ్వాలి, వేలితో తడితే విడిపోవాలి. సంచులన్నీ ఒకేచోట పేర్చకండి, తడి మట్టి ఘనపుటడుగు నలభై అయిదు కిలోల పైమాటే ఉంటుంది, పిట్టగోడ వెంబడి కింద గోడ ఉన్న చోట సర్దండి.