బౌలింగ్ పాఠాలు – 4: గాలి ఏ మూల నుంచి?

పోయిన పాఠంలో సీమ్ (బంతి చుట్టూ ఉండే కుట్టు) చెదరకుండా బంతి వదలడం నేర్చుకున్నాం. పదింటిలో ఆరు బంతులకైనా సీమ్ వణకకుండా కీపర్ దాకా వెళ్తుంటే ఈ పాఠంలోకి రండి. లేదంటే ఇంకో వారం అక్కడే ఉండండి, తొందరేం లేదు. చేతిలో సీమ్ నిలవని వాడికి గాలి ఎంత మంచిదైనా సాయం చేయదు.

స్వింగ్, అంటే బంతి గాల్లో పక్కకు తిరగడం అనగానే పిల్లలు ఆకాశంలో మబ్బు వెతుకుతారు. టీవీలో ఇంగ్లండ్ మ్యాచ్‌లు చూసిన అలవాటు అది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే అనంతపురంలో మబ్బు కోసం కూర్చుంటే బౌలింగ్ మరిచిపోతాం. ఇంకో మాట. తేమ ఉంటే గాలి బరువెక్కి బంతి తిరుగుతుందంటారు. అది తప్పు. ఒకే వేడిమిలో తేమగాలి పొడిగాలి కంటే తేలిక. మబ్బు రోజున నేల కాగదు కాబట్టి వేడిగాలి సుడులు లేవవనీ, గాలి కుదురుగా ఉండడమే స్వింగ్‌కు సాయమనీ ఒక వాదన ఉంది. నాకు అదే సబబనిపిస్తుంది. మన దగ్గర కూడా పొద్దున తొలి గంటలో తిరిగిన బంతి, నేల కాగాక తిరగడం మానేస్తుంది.

మనకు దండిగా దొరికేది గాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమర, నైరుతి మూలల నుంచి వీస్తూనే ఉంటుంది. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా! ఆ గాలికి ఒళ్లంతా దుమ్మయిందని విసుక్కునే బౌలర్లను చూస్తే నాకు బాధేస్తుంది. చేతికి వచ్చిన ఆయుధాన్ని తిట్టుకుంటున్నారు.

ముందు గాలి చూడడం నేర్చుకోండి. కళ్లంలో తూర్పార పట్టే ముందు మన పెద్దోళ్లు గుప్పెడు పొట్టు వదిలి చూసేవాళ్లు. మీరూ అంతే. భుజం ఎత్తు నుంచి చిటికెడు పొడిమట్టి వదలండి. క్రీజు దగ్గర ఒకసారి, బ్యాటర్ దగ్గర ఒకసారి. గోడో చెట్లో అడ్డం ఉంటే రెండు చోట్లా గాలి ఒకేలా ఉండదు. ప్రతి స్పెల్‌కూ (మీకు వరసగా వచ్చే ఓవర్లకు) మళ్లీ చూడండి, ఎందుకంటే పొద్దునున్న గాలి మధ్యాహ్నం ఉండదు.

ఇప్పుడు అసలు సంగతి. ఎండ కళ్లల్లో పడకుండా పిచ్‌లు సాధారణంగా ఉత్తర దక్షిణాలుగా వేస్తారు. ఉత్తరం వైపు నుంచి పరిగెత్తితే మీ కుడిచేయి పడమర. అంటే నైరుతి గాలి మీకు ముందు నుంచి, కుడి పక్క నుంచి తగులుతుంది. బంతిని ఎడమకు తోస్తుంది. కుడిచేతి బ్యాటర్‌కు అది ఆఫ్ సైడ్, అంటే బౌలర్ వైపు చూస్తే అతని కుడి పక్క; ఎడమ పక్క లెగ్ సైడ్. అవుట్‌స్వింగర్ (బ్యాటర్ నుంచి బయటికి తిరిగే బంతి) వెళ్లేదీ అటే, కుడిచేతి ఆఫ్ స్పిన్నర్ బంతి పిచ్ పడకముందు గాల్లో జారేదీ అటే. పైగా ఆఫ్ స్పిన్నర్‌ను లెగ్ సైడ్ లేపి కొట్టాలంటే బ్యాటర్ ఎదురుగాలిలోకి కొట్టాలి. సిక్స్ కావాల్సింది మిడ్‌వికెట్ ఫీల్డర్ చేతిలో పడుతుంది. కాబట్టి అవుట్‌స్వింగ్ వేసేవాడూ, ఆఫ్ స్పిన్నరూ కెప్టెన్‌ను అడిగి మరీ ఉత్తరం ఎండ్ తీసుకోవాలి. ఇన్‌స్వింగ్ (బ్యాటర్ వైపు లోపలికి తిరిగే బంతి) వేసేవాడు, లెగ్ స్పిన్నర్ దక్షిణం నుంచి వేయాలి. ఎడమచేతి బ్యాటర్ వస్తే ఇదంతా తిరగేసి చదువుకోండి.

ఎదురుగాలికి మొహం తిప్పుకోకండి. మీ బంతి వేగం గంటకు 100 కిలోమీటర్లు, ఎదురుగాలి 20 అనుకుందాం. గాలి లెక్కలో మీ బంతి 120తో పోతున్నట్టే. పక్కకు తోసే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 120ని 120తో, 100ని 100తో గుణించి చూడండి: దాదాపు 1.44 రెట్లు. మీడియం పేసర్‌కు ఇంతకంటే వరం ఏముంది? స్పిన్నర్‌కూ అంతే. పైనుంచి ముందుకు తిరిగే బంతి ఎదురుగాలిలో ఇంకా గబుక్కున దిగుతుంది, బ్యాటర్ అనుకున్న చోటికి ముందే పడుతుంది. అందుకే ఎదురుగాలిలో లెంగ్త్ (బంతి పడాల్సిన చోటు) ఒక అడుగు ముందుకు, వెనక గాలిలో ఒక అడుగు వెనక్కి పెట్టుకోండి. వెనక గాలి నిజమైన ఫాస్ట్ బౌలర్‌కు ఇవ్వాలి. సీమ్ నేలకు కొట్టడం అతని పని.

రన్నప్ మాత్రం మరిచిపోవద్దు. చిన్నప్పుడు ఒక మ్యాచ్‌లో ఎదురుగాలి ఎండ్ నుంచి వెనక గాలి ఎండ్‌కు మారి, పాత అడుగుల లెక్కతోనే పరిగెత్తాను. గాలి తోసింది, అడుగు సాగింది, ఒకే ఓవర్లో మూడు నోబాల్స్. ఒకదానికి స్టంప్స్ ఎగిరాయి కూడా. వెనక గాలి గట్టిగా ఉంటే గుర్తు ఒక అడుగు వెనక్కి జరిపి, రెండుసార్లు ఖాళీగా పరిగెత్తి చూసుకోండి.

మన పొడి వాతావరణంలో బంతి తొందరగా గీసుకుపోతుంది. ఒక వైపు మెరుపు కాపాడండి, చెమటతోనే. ఉమ్ము వాడకాన్ని ఐసీసీ 2022 అక్టోబర్ నుంచి శాశ్వతంగా నిషేధించింది. రివర్స్ స్వింగ్‌కు (పాతబడ్డ బంతి మామూలుకు ఎదురు దిక్కుకు తిరగడానికి) వేరే పాఠం ఉంది.

మన ఊళ్లో వికెట్లు రావనే వాళ్లకు ఒక్కటే చెప్తాను. 2024 సెప్టెంబర్‌లో ఇక్కడి ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) మైదానంలో జరిగిన దులీప్ ట్రోఫీలో స్పిన్నర్ మానవ్ సుతార్ ఒక ఇన్నింగ్స్‌లో 49 పరుగులకు 7 వికెట్లు, పేసర్ అన్షుల్ కంబోజ్ 69కి 8 తీశారు. అదంతా గాలి చలవే అనను. పేస్‌కూ స్పిన్‌కూ ఇక్కడ చోటుందని మాత్రం కళ్లారా తెలిసింది.

ఈ వారం అభ్యాసం: గుడ్ లెంగ్త్‌లో తువ్వాలు పరచండి. ఒక ఎండ్ నుంచి 12 బంతులు, రెండో ఎండ్ నుంచి అవే 12. కీపర్ వెనక ఒక స్నేహితుణ్ణి నిలబెట్టండి. ప్రతి బంతీ ఎటు జరిగిందో, తువ్వాలుకు ముందు పడిందో వెనక పడిందో అతను నోట్‌బుక్‌లో రాయాలి. పక్కనే గాలి దిక్కు, టైము వేయండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, వారంలో నాలుగు రోజులు.

వచ్చే పాఠం మైదానంలో కురిసే మంచు గురించి. ఒక బకెట్, పాత బంతి, రెండు పొడిగుడ్డలు సిద్ధం చేసుకోండి.