నాగాలు తగ్గాలంటే హాజరు బోనస్ ఎలా పెట్టాలి?

జీడిమెట్లలోనో బాలానగర్‌లోనో అరవై మందితో నడిచే కార్ఖానాలో నాగాలు పెరిగినప్పుడు యజమానికి మొదట తోచేది హాజరు బోనస్. అయితే ఎంత ఇవ్వాలో తేల్చే ముందు మస్టరు (హాజరు పట్టీ) తెరిచి, గత మూడు నెలల నాగాలు ఏయే రోజుల్లో పడ్డాయో చూడాలి. జీతాలు అందిన మరునాడా, ఆషాఢ బోనాల ఆదివారాల తరువాతి సోమవారాలా, లేక ఒకే సూపర్‌వైజర్ కింది షిఫ్టులోనా? చివరిదే నిజమైతే డబ్బు ఇచ్చి ప్రయోజనం లేదు.

నెలకు 26 రోజుల చొప్పున 60 మందికి 1,560 పనిదినాలు. చెప్పకుండా మానినవి 125 అయితే గైర్హాజరు 8 శాతం. రోజుకూలి 600 రూపాయలనుకుంటే, ఓవర్‌టైమ్‌కు రెట్టింపు వేతనం చెల్లించాలి కనుక, మానినవాడి కూలి మిగిలినా, ఓవర్‌టైమ్‌తో పూడ్చిన ప్రతి నాగాకూ అదనంగా 600 ఖర్చవుతుంది. మనిషికి నెలకు 800 బోనస్ ప్రకటిస్తే, రోజూ వచ్చేవారికీ ఇవ్వాలి కాబట్టి, గరిష్ఠంగా 48,000 అవుతుంది. అది గిట్టాలంటే 80 నాగాలు తగ్గాలి. 400తో మొదలుపెడితే 40 తగ్గినా చాలు.

ఆ 400ను నెలాఖరున ఒకే మొత్తంగా పెట్టడం చాలామంది చేసే పొరపాటు. మూడో తేదీన ఒక్కరోజు మానినవాడికి బోనస్ పోయినట్టే కనుక, మిగిలిన నెలంతా అతనికి ఆ ఆశ ఉండదు. వారానికి 75 చొప్పున నాలుగు వారాలకు విడగొట్టి, నెలంతా నాగా లేనివారికి మరో 100 కలపడం మేలు. జీతంతో కలిపితే అది కూడా జీతంలో భాగమే అనిపిస్తుంది. చేతిలో డబ్బు ఆడని ఇరవయ్యో తేదీన విడిగా ఇస్తే గుర్తుంటుంది.

ముందుగా చెప్పి తీసుకున్న సెలవు, ప్రసూతి సెలవు, ఈఎస్‌ఐ (కార్మిక రాజ్య బీమా) వైద్యుని సర్టిఫికెట్‌తో తీసుకున్న విశ్రాంతి నాగా కాదని నిబంధనల్లోనే రాయాలి. ఈఎస్‌ఐ కింద ఉన్న కార్మికునికి అర్హతను బట్టి ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం అనారోగ్య భత్యం వస్తుంది. దాన్ని వాడుకున్నందుకు బోనస్ కోస్తే, జ్వరంతోనే వచ్చి పక్కవారికి అంటిస్తాడు.

దసరాకు ఊరెళ్లేవారిని, ఛఠ్ పూజకు బిహార్ వెళ్లేవారిని వారపు బోనస్ ఆపలేదు. వారికి సెలవు ముందే మంజూరు చేసి, ఒప్పుకున్న తేదీకి తిరిగి వస్తే విడిగా కొంత మొత్తం ఇస్తామని పండుగకు నెల ముందే నోటీసు బోర్డుపై తెలుగులోనూ హిందీలోనూ అంటించాలి.