సొమ్మొకడిది, సోకొకడిది: అమెరికా రాష్ట్రాల బిల్లులు చదవడం – 4వ పాఠం

గత పాఠంలో టెక్సస్ చట్టసభలో బిల్లుకు జతచేసే ఫిస్కల్ నోట్ (బిల్లు వల్ల ఎంత ఖర్చో, ఎంత ఆదానో చెప్పే కాగితం) తెరిచి, ఐదేళ్ల లెక్కల పట్టిక ఎలా ఉంటుందో చూశాం. బ్రాకెట్లలో ఉన్న అంకె ఖర్చు, లేనిది ఆదా లేదా రాబడి. ఆ గుర్తు గట్టిపడిందనుకుంటే ముందుకు వెళ్దాం. లేకపోతే ఇంకో రెండు నోట్లు చదివి రండి, తొందరేం లేదు.

ఈసారి ఆ పట్టికలో ఒక్క నిలువు వరసనే పట్టుకుందాం. దాని పేరు ఫెడరల్ ఫండ్స్. వాషింగ్టన్ నుంచి రాష్ట్రానికి వచ్చే డబ్బు ఆ వరసలో పడుతుంది. మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వ వైద్య బీమా), హైవేలు, స్కూలు పిల్లల భోజనం లాంటివన్నీ కలిపి చూస్తే, రాష్ట్రాలు ఖర్చుపెట్టే ప్రతి మూడు డాలర్లలో సుమారు ఒకటి వాషింగ్టన్‌దే. పౌరసత్వం తీసుకుని మొదటిసారి ఓటు వేయబోతున్న మనవాళ్లు చాలామంది ఈ వరసను చూడరు. కన్జర్వేటివ్‌ల అభ్యంతరం మాత్రం సరిగ్గా అక్కడే మొదలవుతుంది. పన్ను వేసేవాడు ఒకడు, ఖర్చుపెట్టేవాడు ఇంకొకడు అయితే లెక్క అడిగేవాడు ఉండడన్నది వాళ్ల మాట. సొమ్మొకడిది, సోకొకడిది. ఈ మాటలో బలం ఉందని నేను నమ్ముతాను. అయితే నమ్మకం పక్కన పెట్టి లెక్క కట్టడం నేర్చుకోవాలి. అదే ఈ పాఠం.

ముందు వాటా. ఆంధ్ర, తెలంగాణ పత్రికల్లో కేంద్ర పథకాల గురించి 60:40 అని చదివే ఉంటారు. ఇక్కడా అలాంటి నిష్పత్తులే. మెడికెయిడ్‌లో ఫెడరల్ వాటా కనీసం 50 శాతం, రాష్ట్రం పేదదైతే ఇంకా ఎక్కువ. టెక్సస్‌కు అటూఇటుగా 60. 2010 నాటి ఆరోగ్య చట్టం (ఒబామాకేర్) మెడికెయిడ్‌ను విస్తరించి కొత్తగా చేర్చిన పెద్దవాళ్లకు మాత్రం, ఏ రాష్ట్రమైనా సరే, 90. ఆ విస్తరణకు టెక్సస్ ఇప్పటికీ ఒప్పుకోలేదు.

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. విస్తరణ కార్యక్రమానికి ఏడాదికి 100 కోట్ల డాలర్లు అవుతాయనుకుందాం. రాష్ట్రం వాటా 10 కోట్లు. మాంద్యం వచ్చింది, ఖజానాకు ఒక్క డాలరు మిగల్చాలి. ఈ కార్యక్రమంలో ఎంత కోస్తే ఆ డాలరు మిగులుతుంది? పది డాలర్లు కోయాలి. అందులో తొమ్మిది వాషింగ్టన్‌వి, రాష్ట్రానికి మిగిలేది ఒకటి. 60:40 కార్యక్రమంలో అయితే రెండున్నర డాలర్లు కోస్తే చాలు. సొంత పన్నులతో నడిచే యూనివర్సిటీలోనో పోలీసు శాఖలోనో ఒక డాలరు కోస్తే ఒక డాలరూ మిగులుతుంది.

ఇక్కడ కాసేపు ఆగండి. ఈ మూడు అంకెలూ పక్కపక్కన రాసుకుని చూడండి: పది, రెండున్నర, ఒకటి. కరువు ఏడాదిలో ఏ గవర్నరైనా, ఏ పార్టీ గవర్నరైనా, ఎక్కడ కత్తెర వేస్తాడు? ఒకటి ఉన్నచోటే. రాష్ట్రానికి అత్యవసరం ఏది అన్నది కాదు, వాషింగ్టన్ వాటా దేనికి తక్కువ అన్నది నిర్ణయిస్తుంది. కన్జర్వేటివ్‌లు చెప్పే దాంట్లో నాకు అన్నిటికన్నా గట్టిగా తోచేది ఇదే. ఇంకోటి కూడా గమనించండి. వైకల్యంతో పుట్టిన బిడ్డ వైద్యానికి 60, పనిచేయగల వయసున్న పెద్దవాడి వైద్యానికి 90. ఈ తేడా ఎందుకని వాళ్లు అడుగుతారు. ఆ పెద్దవాడికీ జబ్బు చేస్తుంది, నిజమే. అయినా ఆ ప్రశ్నకు జవాబు రావాల్సిందే.

రెండో లెక్క: వాటా తగ్గితే? 90 కాస్తా 60 అయితే రాష్ట్రం భాగం 10 కోట్ల నుంచి 40 కోట్లకు, అంటే నాలుగింతలకు పెరుగుతుంది. ఫెడరల్ వాటా 30 పాయింట్లు తగ్గిందని చదివితే చిన్నగా అనిపిస్తుంది. రాష్ట్రం వైపు నుంచి చూస్తేనే దాని బరువు తెలుస్తుంది. ఈ భయంతోనే కొన్ని రాష్ట్రాలు, వాటా 90కి దిగువకు పడితే విస్తరణ ఆపేస్తామని చట్టంలోనే రాసుకున్నాయి. రాష్ట్ర బిల్లు చదివేటప్పుడు అలాంటి షరతు ఉందేమో వెతకండి. సాధారణంగా చివరి సెక్షన్లలో ఉంటుంది.

ఇక ఆ డబ్బుకు కట్టిన తాడు సంగతి. డబ్బుతో పాటు షరతూ వస్తుంది. 1984లో కాంగ్రెస్, మద్యం కొనే వయసును 21కి పెంచని రాష్ట్రాలకు హైవే నిధుల్లో 5 శాతం ఆపేస్తానంది. సౌత్ డకోటా కోర్టుకెక్కింది. 1987లో సుప్రీంకోర్టు 7-2తో ఆ షరతు చెల్లుతుందని చెప్పింది. తీర్పు రాసింది కన్జర్వేటివ్ ప్రధాన న్యాయమూర్తి రెన్‌క్విస్టే. విభేదించిన ఇద్దరిలో ఒకరు రీగన్ నియమించిన శాండ్రా డే ఓకానర్. అంటే ఈ వాదనలో కన్జర్వేటివ్‌లు అందరూ ఎప్పుడూ ఒకే గట్టున లేరు. 2012లో మళ్లీ 7-2. విస్తరణకు ఒప్పుకోకపోతే ఉన్న మెడికెయిడ్ నిధులన్నీ పోతాయనడం బలవంతం కిందికి వస్తుందని కోర్టు తేల్చింది. 5 శాతం ప్రోత్సాహం అయితే, మొత్తం నిధులు బెదిరింపు. మధ్యలో గీత ఎక్కడో కోర్టు చెప్పలేదు. కాబట్టి షరతు కనబడగానే, ఒప్పుకోకపోతే ఎంత శాతం పోతుందో రాసుకోవడం అలవాటు చేసుకోండి.

డబ్బు వద్దని తిప్పి పంపిన రాష్ట్రాలూ ఉన్నాయి. 2011లో ఫ్లోరిడా గవర్నర్ రిక్ స్కాట్ హైస్పీడ్ రైలు కోసం వచ్చిన సుమారు 240 కోట్ల డాలర్లు వద్దన్నారు. రైలు కట్టాక నష్టాలు రాష్ట్రం నెత్తిన పడతాయన్నారు. ఆ భయం అర్థమవుతుంది. అయితే ఆ డబ్బులో చాలా భాగం దేశ ఖజానాలో మిగల్లేదు, వేరే రాష్ట్రాల ప్రాజెక్టులకు వెళ్లింది. ఒక్క రాష్ట్రం కాదన్నంత మాత్రాన ఫెడరల్ లోటు తగ్గదు.

వాటాల బదులు ఏకమొత్తం ఇవ్వాలన్నది కన్జర్వేటివ్‌లు చెప్పే మందు. 1996 సంక్షేమ సంస్కరణ అదే చేసింది: ఏటా సుమారు 1,650 కోట్ల డాలర్లు, ఎలా వాడాలో చాలావరకు రాష్ట్రాల ఇష్టం. అదనపు డాలరు ప్రతిదీ రాష్ట్రం జేబులోంచే పోతుంది గనుక ఆచితూచి ఖర్చుపెడతారన్నది ఆశ. సాయం తీసుకునే కుటుంబాలు బాగా తగ్గాయి. పైకం మాత్రం ధరలతో పాటు పెరగలేదు, దాని విలువ కరిగిపోయింది. రిపబ్లికన్ల పాలనలోనే ఉన్న మిసిసిపీలో కోట్ల డాలర్ల సంక్షేమ నిధులు దారి మళ్లాయని 2020లో రాష్ట్ర ఆడిటరే బయటపెట్టారు. అధికారం ఇంటి దగ్గరికి వస్తే జవాబుదారీ దానంతటదే రాదు. అడిగేవాళ్లు ఉండాలి.

ఇదే కొలబద్దను వాషింగ్టన్‌కూ పెట్టండి. 2024 ఆర్థిక సంవత్సరంలో ఫెడరల్ ఖర్చు సుమారు 6.75 లక్షల కోట్ల డాలర్లు, రాబడి 4.9 లక్షల కోట్లు. అప్పు మీద వడ్డీ ఒక్కటే రక్షణ ఖర్చును మించింది. 2025 జులైలో వచ్చిన రిపబ్లికన్ల పెద్ద చట్టం ఆహార సాయం స్నాప్‌లో కొత్త నియమం పెట్టింది: చెల్లింపుల్లో తప్పులు 6 శాతం దాటిన రాష్ట్రాలు 2028 ఆర్థిక సంవత్సరం నుంచి లబ్ధి మొత్తంలో 5 నుంచి 15 శాతం సొంతంగా భరించాలి. అప్పటిదాకా ఆ ఖర్చంతా వాషింగ్టన్‌దే. తప్పు చేసినవాడే మూల్యం కట్టాలన్న సూత్రానికి ఇది సరిపోతుంది. అదే చట్టం పదేళ్లలో లోటును 3.4 లక్షల కోట్ల డాలర్లు పెంచుతుందని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అంచనా కట్టింది. అప్పు కారణం చూపి కెంటకీకి చెందిన ఇద్దరు రిపబ్లికన్లు, సెనేటర్ ర్యాండ్ పాల్, ప్రతినిధుల సభ సభ్యుడు థామస్ మాసీ, వ్యతిరేకంగా ఓటేశారు. సొంత పార్టీ మీద కూడా అదే లెక్క కట్టినందుకు వాళ్లిద్దరినీ నేను గౌరవిస్తాను.

ఇంటిపని. మీ రాష్ట్ర చట్టసభ వెబ్‌సైట్‌లో ఫెడరల్ నిధులున్న బిల్లు ఒకటి ఎంచుకోండి. వాటా ఎంతో రాయండి. రాష్ట్రానికి ఒక డాలరు మిగలాలంటే ఎన్ని డాలర్లు కోయాలో కట్టండి (100ను రాష్ట్రం శాతంతో భాగిస్తే వస్తుంది). వాటా 20 పాయింట్లు తగ్గితే రాష్ట్రం భాగం ఎన్నింతలవుతుందో పక్కన వేయండి. షరతు ఏ సెక్షన్‌లో ఉందో గుర్తుపెట్టండి. ఆ నాలుగూ ఉన్న కాగితం దగ్గర పెట్టుకోండి, వచ్చే పాఠంలో కొలరాడో 1992లో రాజ్యాంగంలోకి ఎక్కించిన పన్ను పరిమితిని దానితోనే చదువుతాం.