ఇతరుల కోసం ప్రార్థన చేయడం ఎలా?

వాట్సాప్ గ్రూపులో ఎవరో ప్రార్థన మనవి పెడతారు. నిమిషంలో నలభై మంది చేతులు జోడించిన బొమ్మ పెట్టేస్తారు. అందులో మోకరించేది ఎంతమందో దేవుడికే తెలియాలి. నిజంగా చేద్దామనుకునేవాళ్ళ కోసమే ఇది.

కావలసినవి: ఒక నోట్‌బుక్, పెన్ను, పావుగంట సమయం. పేర్లు ఫోన్‌లో రాసుకోకండి. వాటి కోసం ఫోన్ తెరిస్తే ముందు మెసేజ్‌లు కనబడతాయి, ప్రార్థన అక్కడితో సరి. తెల్లవారుజామునే చేయాలి. రాత్రి మంచం మీద చేస్తే మూడో పేరు దగ్గరే నిద్రపోతారు.

రోజుకు ఐదు పేర్లు చాలు. ఇంట్లో ఇద్దరు, సంఘంలో (చర్చిలో) ఒకరు, పనిచేసే చోట ఒకరు, మీకు అస్సలు పడనివాళ్ళు ఒకరు. ఆ చివరి పేరు ఎగ్గొట్టడానికి వీల్లేదు. బైబిల్లో, కష్టాల్లో ఉన్న యోబును తప్పుపట్టిన స్నేహితుల కోసం యోబే ప్రార్థన చేశాడు, అప్పుడే దేవుడు అతని స్థితిని తిరిగి బాగుచేశాడు (యోబు 42:10). వారానికోసారి అధికారుల కోసం కూడా చేయండి, మీరు ఓటు వేయనివాళ్ళైనా సరే. అపొస్తలుడు పౌలు తన శిష్యుడు తిమోతికి రాసింది అదే.

మొదట స్తుతి, రెండు నిమిషాలు. కొందరు ఇరవై నిమిషాలు స్తుతించి, చివర్లో "అందరినీ దీవించు ప్రభువా" అని లేచిపోతారు. అందరూ అనే పేరుగలవాళ్ళు ఏ సంఘంలోనూ లేరు. పేరు పెట్టి అడగండి.

పేరు పలికాక ఏమనాలి? ఎక్కువమంది చెడగొట్టేది ఇక్కడే.

ముందు వాళ్ళకేం కావాలో వాళ్ళనే అడగండి. బర్తిమయి గుడ్డివాడని చూస్తేనే తెలుస్తుంది. అయినా యేసు "నీకేం చేయమంటావు?" అని అడిగాడు (మార్కు 10). మనం మాత్రం ముప్పై దాటిన అమ్మాయి కనబడగానే పెళ్ళి కోసం ప్రార్థన మొదలుపెడతాం. ఆ అమ్మాయి టెన్షన్ అంతా వాళ్ళమ్మ ఆపరేషన్ గురించి కావచ్చు.

రెండోది మరీ ఘోరం. ఇంటి కూటంలో కళ్ళు మూసుకుని, "ప్రభువా, మా సిస్టర్ గారి భర్త మళ్ళీ తాగుడు మొదలుపెట్టాడు తండ్రీ, మొన్న జీతం మొత్తం తగలేశాడు తండ్రీ" అని ఏకరువు పెడతారు. అందులో దేవుడికి తెలియనిది ఒక్కటీ లేదు, పక్కన కూర్చున్నవాళ్ళకే తెలియదు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో విన్నది ఆదివారం ఆరాధనకల్లా పేటంతా పాకుతుంది, ఆ సిస్టర్ మళ్ళీ గుడి మెట్లెక్కదు. అందుకే, పైకి చెప్పమని వాళ్ళు ఒప్పుకుంటేనే సంగతి చెప్పండి. లేదంటే "కష్టంలో ఉన్న ఒక కుటుంబం" అనండి, అంతే.

ప్రార్థన పేరుతో క్లాసు పీకడం ఇంకొకటి. కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని "వీడికి బుద్ధి ఇవ్వు తండ్రీ, రోజంతా ఫోనే" అంటే అది కళ్ళు మూసుకుని తిట్టడమే. లూకా 18లో తన భక్తి గురించి గొప్పలు చెప్పుకున్న పరిసయ్యుడి (యూదు మతనిష్ఠాపరుడి) ప్రార్థనలోనూ సుంకరి (పన్నులు వసూలు చేసేవాడు) ఉన్నాడు, కానీ అతని కోసం ఒక్క మాట అడగలేదు.

అడిగేది చిన్నగా, స్పష్టంగా ఉండాలి. శిష్యుడు పేతురు తనను ఎరగనని బొంకుతాడని యేసుకు ముందే తెలుసు. ఆయన వేడుకున్నది ఒకటే, పేతురు నమ్మిక తప్పిపోకూడదని (లూకా 22:32). మీరూ అలాగే, "సోమవారం స్కానింగ్ ఉంది, ఆవిడకు ధైర్యం ఇవ్వు" అనండి. "నీకు తప్పకుండా నయమవుతుందని దేవుడు నాతో చెప్పాడు" అని మాత్రం ఎవరికీ మాట ఇవ్వకండి. ఆ మాట నమ్మి మందులు మానేస్తే బాధ్యత ఎవరిది? మందులు ఆపమని చెప్పే ప్రార్థన వీరులకు దూరంగా ఉండండి.

గొంతు చించుకోవక్కర్లేదు. మైకులో అరిస్తేనే అభిషేకం (పరిశుద్ధాత్మ శక్తి) అనుకునేవాళ్ళతో నాకు పడదు. కర్మెలు కొండ మీద పొద్దుటి నుంచి కేకలు పెట్టింది బయలు అనే దేవత ప్రవక్తలు. దేవుని ప్రవక్త ఏలీయా ప్రార్థన రెండే వచనాలు, చూసుకోండి, 1 రాజులు 18.

ఆసుపత్రిలో అయితే రోగిని అడిగి, రెండు నిమిషాల్లో ముగించండి. సెలైన్ ఎక్కుతున్న చేయి పట్టుకోకండి, మంచం చుట్టూ పదిమంది మూగకండి. పక్క మంచం మీద ఉన్నవాళ్ళూ రోగులే.

వారం తర్వాత ఫోన్ చేసి ఏమైందో కనుక్కోండి. జవాబు వస్తే పేరు పక్కన తేదీ వేయండి, రాకపోతే పేరు తర్వాతి పేజీకి ఎక్కించండి. జవాబు వచ్చిందని సంఘంలో సాక్ష్యం చెప్పాలా వద్దా అన్నది వాళ్ళ ఇష్టం. వాళ్ళ బదులు మీరు లేచి "నా ప్రార్థన వల్లే" అని మొదలుపెట్టకండి.