బాడుగ ఇంట్లో ఉంటూ ప్రభుత్వ ఇంటికి దరఖాస్తు పెట్టుకోవాలంటే

మొదట ఇది చెప్పేస్తా, ఎందుకంటే నన్ను అడిగేవాళ్ళంతా బాడుగకు ప్రభుత్వం డబ్బులిస్తుందా అనే మొదలుపెడుతున్నారు. మామూలు కుటుంబానికి నెలనెలా బాడుగ డబ్బులిచ్చే పథకమేదీ మన ఆంధ్రప్రదేశ్‌లో లేదు. ఉన్నదల్లా స్థలం లేనివాళ్ళకు ఇంటి స్థలం, స్థలం ఉన్నవాళ్ళకు ఇల్లు కట్టుకోవడానికి సాయం, లోను తీసుకుని కొనుక్కునేవాళ్ళకు వడ్డీ రాయితీ. ఇవన్నీ పెట్టింది సొంతిల్లు లేనివాళ్ళ కోసం, అంటే బాడుగ ఇళ్ళలో ఉన్న మన కోసమే. అయినా నేను దగ్గరుండి చూసిన దరఖాస్తుల్లో చాలావరకు ఆగిపోయింది అర్హత లేక కాదు, ఇల్లు మారారు గానీ కాగితాలు మార్చుకోలేదు, అందుకే. కాబట్టి ఇల్లు వెతకడం దగ్గర్నుంచే చెప్తా.

మా ప్రొద్దుటూరులో బట్టల అంగట్లోనో బంగారు అంగట్లోనో పనికి కుదిరి పల్లెల నుంచి వచ్చేవాళ్ళు ముందు బజారుకు దగ్గర్లో ఇల్లు చూస్తారు, అక్కడ బాడుగ ఎక్కువ. కొర్రపాడు రోడ్డు వైపో మోడంపల్లె వైపో కాస్త లోపలికి పోతే తగ్గుతుంది, కానీ రోజూ ఆటోకు అయ్యేది కూడా కలిపి లెక్కేసుకోండి. టు-లెట్ బోర్డు పెట్టని ఇళ్ళు చాలా ఉంటాయి. సందు మొదట్లో చిల్లర అంగడి పెట్టుకున్నవాళ్ళను అడిగితే ఏ ఇల్లు ఎప్పుడు ఖాళీ అవుతుందో చెప్తారు, బ్రోకరుకు ఇచ్చే డబ్బు మిగులుతుంది. మిద్దె మీద రూము చవగ్గా వస్తోందంటే మధ్యాహ్నం రెండింటికి పోయి చూడండి. పొద్దున పోతే చల్లగానే అనిపిస్తుంది, ఏప్రిల్ వచ్చాక ఆ స్లాబు కింద పిల్లలు పడుకోలేరు. కొళాయి నీళ్ళు ఎన్నాళ్ళకోసారి వస్తాయో ఇంటి ఓనరును కాకుండా పక్కింటివాళ్ళను అడగండి.

ఇల్లు కుదిరాక నోటి మాట మీద దిగొద్దు. మామూలుగా 11 నెలలకు స్టాంపు పేపరు మీద రాసుకుంటారు, రిజిస్టరు చేయించుకుంటే ఇంకా గట్టిగా ఉంటుంది. అడ్వాన్సు ఎంత ఇచ్చారు, ఖాళీ చేసేటప్పుడు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, సున్నం ఖర్చు ఎవరిది, ఎన్ని నెలల ముందు చెప్పాలి, ఇవన్నీ అందులో ఉండాలి. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో, ఉండే ఇంటికి రెండు నెలల బాడుగకు మించి అడ్వాన్సు తీసుకోకూడదని ఉంది. అది రాష్ట్రాలకు నమూనా మాత్రమే, అయినా బేరమాడేటప్పుడు చెప్పుకోవడానికి పనికొస్తుంది.

అగ్రిమెంటులో కరెంటు మీటరు సర్వీసు నంబరు, దిగిన రోజు రీడింగు తప్పకుండా రాయించండి, ఫోనులో ఫోటో కూడా తీసి పెట్టుకోండి. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే మా అక్కకు జరిగింది. రేకుల ఇంట్లో రెండు గదులు, ఒక ఫ్యాను, ఒక టీవీ, నెలకు 80 యూనిట్లు దాటదు. పథకానికి పెట్టుకుంటే నెలకు 300 యూనిట్లు దాటిందని అనర్హత వచ్చింది. ఆరా తీస్తే, అంతకుముందు ఎప్పుడో ఇంటింటికీ వచ్చి ఆధార్ నంబర్లు రాసుకున్నప్పుడు ఓనరు మిద్దెలో ఉన్న మూడు మీటర్లకూ ఇంట్లో ఆ సమయానికి ఉన్న మా అక్క ఆధార్ ఎక్కించేశారు. ఏసీ వాళ్ళది, బిల్లు వాళ్ళది, యూనిట్లు మాత్రం మా అక్క పేరు మీద. పాపం రెండు రాత్రులు నిద్రపోలేదు టెన్షన్‌తో, తన ఆధార్‌తో ఇంకెవరో ఇల్లు కొనేశారేమో అనుకుని. చివరికి ఓనరు దగ్గర ఆ మూడు సర్వీసులూ తనవేనని ఒక లెటరు రాయించుకుని, బిల్లుల జిరాక్సులు, అగ్రిమెంటు కాపీ జత చేసి కరెంటు ఆఫీసులో ఇచ్చి ఆధార్ తీయించాం. ఆ తర్వాత సచివాలయంలో మళ్ళీ పరిశీలనకు పెట్టించాం. అగ్రిమెంటు ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ ఇంట్లో ఉంటున్నామని చూపించుకోవడానికే ఇంకో తిరుగుడు. అందుకే దరఖాస్తుకు ముందే మీ వార్డు సచివాలయంలో మీ ఆధార్ మీద ఏయే సర్వీసు నంబర్లున్నాయో చూపించమని అడగండి.

రెండో చిక్కు మ్యాపింగ్, అంటే మీ కుటుంబం ఏ సచివాలయం కింద నమోదై ఉందన్నది. మీరు ప్రొద్దుటూరులో ఉన్నా సచివాలయం లెక్కల్లో మీ కుటుంబం ఇంకా ఊళ్ళోనే, అమ్మానాన్నలతో కలిపే ఉండొచ్చు. ముందు అగ్రిమెంటు చూపించి ఆధార్‌లో అడ్రస్ మార్పించుకోండి, తర్వాత ఇక్కడి వార్డు సచివాలయానికి కుటుంబాన్ని మార్పించుకోండి. పెళ్ళై వేరుగా ఉంటూ రైస్ కార్డు మాత్రం పెద్దవాళ్ళతోనే ఉంటే, మ్యారేజ్ సర్టిఫికెట్ పెట్టి విడదీయించుకోండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చాలా ముఖ్యం. ఇంటి పథకాల్లో కుటుంబమంటే భార్య, భర్త, పెళ్ళికాని పిల్లలు. నాన్న పేరు మీద ఎప్పుడో వచ్చిన ఇల్లు మీ అర్హతకు అడ్డం రాకూడదంటే మీరు వేరే కుటుంబమని రికార్డులో కనపడాలి.

ఇప్పుడు దరఖాస్తు సంగతి. గజం స్థలం కూడా లేనివాళ్ళు ముందు ఇంటి స్థలానికి పెట్టుకోవాలి. 2025 జనవరిలో వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం పల్లెల్లో 3 సెంట్లు, పట్టణాల్లో 2 సెంట్లు, అంటే పట్టణంలో దాదాపు 97 గజాలు. పట్టా ఇంటి ఆడవాళ్ళ పేరు మీద ఇస్తారు. రైస్ కార్డు, ఆధార్ కాపీలతో వార్డు సచివాలయంలో ఇస్తే రెవెన్యూ వాళ్ళు విచారణ చేసి తహసీల్దారుకు పంపుతారు. ఇంటికి వచ్చినప్పుడు మీరు పనిలో ఉంటే మళ్ళీ ఎప్పుడొస్తారో తెలియదు, కాబట్టి పక్కింటివాళ్ళ ఫోన్ నంబరు కూడా ఇచ్చి రండి.

స్థలం ఉందంటే ప్రధానమంత్రి ఆవాస్ యోజన అర్బన్ 2.0, పట్టణాలవాళ్ళకు కేంద్రం పెట్టిన ఇంటి పథకం. ఇది 2024లో మొదలైంది. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉండాలి. అంగట్లో నెలకు 11 వేల జీతమంటే ఏడాదికి 1,32,000, హాయిగా లోపలే ఉన్నారు. దేశంలో ఎక్కడా కుటుంబంలో ఎవరి పేరు మీదా పక్కా ఇల్లు ఉండకూడదు, గత 20 ఏళ్ళలో ప్రభుత్వ ఇంటి పథకం వాడుకుని ఉండకూడదు. కేంద్రం ఇచ్చేది లక్షన్నర, రాష్ట్రం కనీసం లక్ష కలపాలి. ఇల్లు 30 నుంచి 45 చదరపు మీటర్లు, అంటే సుమారు 323 నుంచి 484 అడుగులు. డబ్బు ఒకేసారి రాదు, పని జరిగేకొద్దీ ఫోటోలు తీసి అప్‌లోడ్ చేస్తే విడతలుగా పడుతుంది. కాబట్టి పునాది వరకు చేతిలో కొంత ఉంచుకుని దిగండి, వడ్డీకి తెచ్చి మొదలుపెడితే ఇటు బాడుగ, అటు వడ్డీ రెండూ మోయాలి.

ఇంట్లో అందరి ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, స్థలం కాగితం, ఆధార్‌తో లింకైన బ్యాంకు ఖాతా సిద్ధంగా పెట్టుకుని సచివాలయంలో ఉండే వార్డు ఎమినిటీస్ సెక్రటరీని కలవండి. పథకం పోర్టల్‌లో మీరే కూడా పెట్టుకోవచ్చు. మొదట ఆదాయం, ఇల్లు ఉందా లేదా అన్న ప్రశ్నలు వస్తాయి, తర్వాత ఆధార్ నంబరు కొడితే ఓటీపీ వస్తుంది. ఆధార్‌కు ఉన్న ఫోన్ నంబరు పాతదై ఉంటే అక్కడే ఆగిపోతారు. పేరు ఆధార్‌లో ఒకలా, బ్యాంకులో ఒకలా ఉన్నా అంతే.

లోను తీసుకుని కొనేవాళ్ళ సంగతి క్లుప్తంగా చెప్తా. ఇదే పథకంలో ఏడాదికి 9 లక్షల ఆదాయం వరకు వడ్డీ రాయితీ ఉంది. ఇల్లు 35 లక్షల లోపు, లోను 25 లక్షల లోపు ఉండాలి. మొదటి 8 లక్షల మీద 4 శాతం, మొత్తం కలిపి ఎక్కువలో ఎక్కువ 1.80 లక్షలు, ఐదు వార్షిక వాయిదాల్లో. లోను అడిగేటప్పుడే బ్యాంకులో ఈ మాట చెప్పండి. తక్కువ బాడుగకు ఇళ్ళు కట్టి ఇచ్చే విభాగం కూడా ఇదే పథకంలో ఉంది, కూలికి వలస వచ్చినవాళ్ళు, ఉద్యోగం చేసే ఆడవాళ్ళు అందులోకి వస్తారు. కట్టిన చోటే దొరుకుతుంది కాబట్టి మున్సిపల్ ఆఫీసులో కనుక్కోండి. అసలు తలదాచుకునే చోటే లేని ఒంటరివాళ్ళెవరైనా మీ కంటపడితే నిరాశ్రయుల షెల్టరు గురించి కూడా అక్కడే అడగండి.

ఏది పెట్టినా రసీదు తీసుకోకుండా బయటికి రావద్దు. ఆ నంబరు ఫోనులోనూ రాసుకోండి, అగ్రిమెంటు వెనకాలా రాసుకోండి. కదలిక లేకపోతే సోమవారం కడప కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు పోయి పాత రసీదు జిరాక్సు జత చేసి అర్జీ ఇవ్వండి, దానికి ఇంకో నంబరు వస్తుంది. పని మానుకుని మళ్ళీ మళ్ళీ కడపకు పోనక్కర్లేదు, 1100కి ఫోన్ చేసి ఆ నంబరు చెబితే అర్జీ ఎవరి దగ్గరుందో చెప్తారు. ఈలోగా ఇల్లు మారితే మాత్రం ఆధార్ అడ్రస్, మీటరు నంబరు మళ్ళీ చూసుకోండి.